ఫిర్యాదు హైతీలో, విచారణ కొలంబోలో

పాడేరు ఏజెన్సీలోని వాకపల్లిలో కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 2007 ఆగస్టులో 11 మంది కోందు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేస్తూనే, దర్యాప్తు తీరును తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఆరోపణ పోలీసులపైన, దర్యాప్తు పోలీసులదే. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల విషయంలోనూ చిక్కుముడి సరిగ్గా అక్కడే ఉంది.

అదే 2007లో కరీబియన్ దేశం హైతీ నుంచి, సమితి శాంతి దళంలోని నూరు మందికి పైగా శ్రీలంక సైనికులను వెనక్కి పంపారు. ఆకలితో ఉన్న పిల్లలకు బిస్కెట్లో, కాసిని డబ్బులో చేతిలో పెట్టి, వాళ్లను ఏళ్ల తరబడి లైంగికంగా వాడుకున్నారన్నది అభియోగం. ఒక్కరూ జైలుకు వెళ్లలేదు. డబ్బు, తిండి, ఉద్యోగం ఎరవేసి లైంగిక సంబంధం పెట్టుకోరాదని సమితి 2003లోనే నిషేధించింది కానీ, శాంతి దళ సైనికుడు ఏ నేలపై నేరం చేసినా అతడిని శిక్షించే అధికారం మాత్రం స్వదేశానికే వదిలేసింది. లైంగిక దోపిడీ విస్తృతంగా సాగిందని నమ్మదగిన ఆధారాలున్న దళం మొత్తాన్ని వెనక్కి పంపే వీలును 2016లో భద్రతా మండలి 2272వ తీర్మానం కల్పించింది. వెనక్కి పంపడం పైకి శిక్షలాగే కనిపిస్తుంది. కానీ బాధితురాలు, సాక్షులు ఒక దేశంలో, నిందితుడు, న్యాయాధికారి మరో దేశంలో, మధ్యలో తెలియని భాష ఉన్నప్పుడు కేసు నిలిచేదెలా?

నేరం జరిగిన చోటే విచారించడం అసాధ్యమేమీ కాదు. 14 ఏళ్ల బాలుడిపై అత్యాచారం కేసులో పాకిస్తాన్ 2012లో హైతీలోనే విచారణ జరిపి, శాంతి దళంలోని తన పోలీసులు ఇద్దరిని దోషులుగా తేల్చింది. పడింది ఏడాది జైలే, అది చాలా తక్కువ. అయినా తీర్పు బాధితుడి గడ్డ మీదే వచ్చింది.

ఇప్పటివరకు 2.9 లక్షల మందికి పైగా శాంతి సైనికులను పంపిన భారత్, 2007లో లైబీరియాకు తొలి మహిళా పోలీసు దళాన్ని పంపి మన్నన పొందింది. కాంగోలో మన సైనికులపైనా ఆరోపణలు వచ్చినప్పుడు మాత్రం విచారణ ఇక్కడే సాగింది. సిక్కోలు, విజయనగరం పల్లెల నుంచి సైన్యంలో చేరిన వేలాది మంది నిజాయితీపరుల పరువు నిలవాలన్నా, సైనిక న్యాయస్థానం నేరం జరిగిన చోటికే వెళ్లాలి.

హైతీలో శాంతి సైనికులకు పుట్టిన పిల్లలను, అక్కడ పనిచేసిన సమితి దళం ‘మినుస్తా’ పేరుతోనే, ‘పెతీ మినుస్తా’ (చిన్న మినుస్తా) అని పిలుస్తారు. సైనికుడు విమానం ఎక్కకముందే డీఎన్‌ఏ నమూనా తీసి భద్రపరిస్తే, ఆ బిడ్డకు తండ్రి పేరు, తల్లికి పోషణ ఖర్చు రాబట్టే దారి ఉంటుంది. ఆ నిబంధనను అందరికంటే ముందు మన దేశమే అమలు చేయాలి.