ఆరో ఇన్నింగ్స్‌లో ఆగిన బంతి

బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు 1957 సీజన్ ముగియగానే మూటాముల్లె సర్దుకుని లాస్ ఏంజెలెస్ చేరింది. వాళ్లు ఆడిన ఎబెట్స్ ఫీల్డ్‌ను 1960లో పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేశారు. జట్టు పోయింది, మైదానం పోయింది, అభిమానులు మాత్రం ఉన్నారు. బ్రూక్లిన్‌లో ఒక గ్రంథాలయంవాళ్లు ఆ జట్టు మీద డాక్యుమెంటరీ వేస్తున్నారని తెలిసి, ఎనభై దాటినవాళ్లు నీలం టోపీలు పెట్టుకుని చేతికర్రలతో తరలివచ్చారు. ప్రవేశం ఉచితం, పైగా కాఫీ కూడా ఉచితం కాబట్టి మేమూ వెళ్లాం. మేమంటే నేను, తెనాలి నుంచి వచ్చిన మా మామగారు.

మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. బేస్‌బాల్ గురించి ఆయనకు తెలిసింది సున్నా. సున్నా మీద గంటసేపు పాఠం చెప్పగల మనిషి.

అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన పెద్ద లీగులోకి డాడ్జర్స్ తరఫున వచ్చిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947లో మైదానంలోకి అడుగుపెట్టినప్పుడు హాలంతా చప్పట్లు. 1951లో ప్రత్యర్థి జెయింట్స్ ఆటగాడు బాబీ థామ్సన్ బ్యాటు పట్టుకోగానే సగం మంది కళ్లు మూసుకున్నారు. ఆ బంతి కంచె దాటి డాడ్జర్స్‌ను ఓడిస్తుందని వాళ్లకు డెబ్భై ఏళ్లుగా తెలుసు, అయినా చూడలేరట. చివరికి 1955 అక్టోబరు 4 వచ్చింది. ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో చివరిదైన ఏడో ఆట. న్యూయార్క్ యాంకీల చేతిలో అప్పటికి ఐదు వరల్డ్ సిరీస్‌లు ఓడిన డాడ్జర్స్ జట్టు రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది. ఆరో ఇన్నింగ్స్. పరుగు తీసేవాళ్లు ఆగే మూల గుర్తులైన బేస్‌ల మీద యాంకీలు ఇద్దరున్నారు. వాళ్ల బ్యాటర్ యోగీ బెర్రా బంతిని గాల్లోకి లేపాడు. డాడ్జర్స్ ఫీల్డర్ శాండీ అమొరోస్ దాని కోసం పరుగు లంకించుకున్నాడు.

అక్కడ బొమ్మ ఆగిపోయింది. బంతి గాల్లోనే ఉంది, అమొరోస్ కాలూ గాల్లోనే ఉంది.

గ్రంథాలయం కుర్రాడు తీగలన్నీ పీకి మళ్లీ పెట్టేసరికి తెర మీద అది కూడా మాయమైంది. “ఇదీ ఓ'మాలీ పనే!” అన్నారు వెనక నుంచి ఎవరో. జట్టును తరలించుకుపోయిన యజమాని వాల్టర్ ఓ'మాలీని వాళ్లు వర్షం పడినా తిట్టేటట్టున్నారు.

“మాకు సినిమా ఎందుకు? మేమే చూపిస్తాం” అంటూ ముందు వరుస పెద్దాయన లేచారు. మోకాలి ఆపరేషన్ అయిన ఆయనే అమొరోస్. ఉండచుట్టిన కాగితం రుమాళ్లు బంతి. కాఫీ బల్ల ఫస్ట్ బేస్. అక్కడ కప్పులో చక్కెర కలుపుకుంటున్న పాపానికి ఒకాయన ఆ బేస్ కాసే డాడ్జర్ గిల్ హాడ్జెస్ అయ్యారు, పక్కనే ఉన్న పాపానికి మా మామగారు ఆ బేస్ మీదున్న యాంకీ గిల్ మెక్‌డూగాల్డ్ అయ్యారు. బంతి లేవగానే రెండో బేస్ వైపు పరుగెత్తాలి, క్యాచ్ పట్టారని తెలియగానే వెనక్కి రావాలి, ఈలోగా బంతి హాడ్జెస్‌కు చేరితే అవుట్.

అమొరోస్ నాలుగు అడుగులు కుంటి బంతి పట్టారు. బంతిని మధ్యలో అందుకుని హాడ్జెస్‌కు విసరాల్సిన పీ వీ రీస్ పాత్రలో ఉన్న మామ్మగారికి విసిరారు. ఆవిడ కళ్లజోడు సవరించుకునేలోగా, రోజూ గంటసేపు నడిచే మా మామగారు వచ్చి బల్ల ముట్టుకున్నారు.

హాలు నిర్ఘాంతపోయింది. “మీరు అవుట్ కావాలి!”

“ఎందుకు కావాలి? బంతి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.”

“బ్రూక్లిన్‌కు ఉన్నదే ఆ ఒక్క కప్పు, అయ్యా!”

“మామయ్యగారూ, అవుట్ అయిపోండి, పెద్దవాళ్లు” అన్నాను మెల్లగా.

“బాబూ, లెక్క లెక్కే” అని జేబులోంచి పెన్ను తీశారు. “బేస్‌కీ బేస్‌కీ మధ్య ఎంత దూరం?”

“తొంభై అడుగులు.”

“ఈ హాలు ముప్పై కూడా లేదు. ఇదే నిష్పత్తిలో మీ అమొరోస్ ఎక్కడ నిలబడాలో గీసి చూపిస్తాను, రండి.”

పది నిమిషాల్లో ఆయన చుట్టూ నీలం టోపీలు మూగాయి. మూడు రుమాళ్ల నిండా త్రిభుజాలు. కుర్రాడు సినిమాను బాగుచేశాడు గాని అది మళ్లీ మొదటి నుంచి, 1913లో మైదానం ప్రారంభం దగ్గర నుంచి మొదలైంది. అందరూ సంతోషంగా కూర్చున్నారు. మామగారు మాత్రం కూర్చోలేదు. ఆరో ఇన్నింగ్స్ వచ్చేదాకా బల్ల వదలనని హాడ్జెస్‌తో ఖండితంగా చెప్పి, ఇంకో కాఫీ పోసుకున్నారు.