సవరణ: షార్ప్‌నెస్ పెరిగితే సమాచారం పెరిగినట్టు కాదు

అంచులు ఎంత పదునుగా కనిపిస్తే కెమెరా అంత ఎక్కువ సమాచారం పట్టినట్టు అని మొన్నటి పోస్టులో ఉన్న వాక్యాన్ని తీసేశాను. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లో చూపినట్టు, సమాచారాన్ని మోసే సామర్థ్యం బ్యాండ్‌విడ్త్‌తో (ఫోటోలో అయితే ఎంత సన్నటి వివరాల దాకా పట్టగలదో దానితో) పాటు సిగ్నల్‌కూ నాయిస్‌కూ (అసలు దృశ్యంలో లేని గింజల్లాంటి మచ్చలకూ) ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. షార్పెనింగ్ చీర జరీ గీతల కాంట్రాస్టును రెట్టింపు చేస్తే, అదే ఫ్రీక్వెన్సీలో, అంటే అంతే సన్నటి వివరాల్లో, ఉన్న నాయిస్‌నూ రెట్టింపు చేస్తుంది. ఎంటీఎఫ్ (సన్నటి వివరాల్లో కాంట్రాస్టు ఎంత నిలిచిందో చెప్పే కొలత) అంకె పెరుగుతుంది, నిష్పత్తి ఉన్నచోటే ఉంటుంది.

అసలు చిక్కంతా ఫోన్ల జేపెగ్‌లతోనే. చాలా ఫోన్లు నున్నటి గోడ మీద నాయిస్‌ను తుడిచేసి, అంచులకు మాత్రం పదును పెడతాయి. అప్పుడు పదునును అంచు దగ్గర, నాయిస్‌ను గోడ మీద కొలిస్తే లేని సమాచారం ఉన్నట్టు లెక్క తేలుతుంది. రెండూ ఒకే వాలు అంచు (పరీక్ష చార్టులో కాస్త ఏటవాలుగా ఉండే నలుపు తెలుపు అంచు) దగ్గర కొలవాలి. వీలైతే రా ఫైలు (ఫోన్ మెరుగులు దిద్దని సెన్సర్ డేటా) మీదే.