అర అంగుళం గురి, అరెకరం శెనక్కాయ

చిత్తూరు జిల్లా రైతు వెనకబడడానికి కారణం నీళ్ళు లేకపోవడమనీ, గిట్టుబాటు ధర రాకపోవడమనీ ఇన్నేళ్ళూ మనల్ని నమ్మించారు. అసలు కారణం గురి. మన రైతుకు గురి కుదరడం లేదు. ఈ మాట నేను గాలికి అనడం లేదు. కొలరాడోలో ఉండే మా మేనల్లుడు చెప్పగా విని, తిరుపతిలో ఫ్యాను కింద కూర్చుని తీరిగ్గా ఆలోచించి అంటున్నాను. నా జన్మలో తుపాకీ ముట్టుకోలేదు కాబట్టి ఈ విషయంలో నాకు ఏ పక్షపాతమూ లేదు.

మావాడు వారమంతా సాఫ్ట్‌వేరు రాస్తాడు, శని ఆదివారాలు తూటాలు తయారు చేస్తాడు. పేలిన తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా ఏరుకొచ్చి, అడుగున తుపాకీ మందును రాజేసే చిన్న మూతను, అంటే కాలిన ప్రైమర్‌ను పొడిచి తీసి, గొట్టాన్ని డై అనే అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, సాగిన మూతిని కత్తిరించి, కొత్త ప్రైమర్ దిగ్గొట్టి, మందు తూచి పోసి, పైన గుండు కూర్చోబెడతాడు. దీన్ని అక్కడ హ్యాండ్‌లోడింగ్ అంటారు. అక్కడి చట్టం దీనికి అడ్డు చెప్పదు, ఇంట్లో ఇల్లాలు తప్ప.

ఇంత తతంగమూ ప్రెయిరీ డాగ్ కోసం. పేరులో కుక్క ఉంది గానీ అది బొరియల్లో కాపురం చేసే ఉడుత జాతి ప్రాణి. కిలో అటూ ఇటూ తూగుతుంది. బీళ్ళలో గడ్డి మేసేస్తుందనీ, ఆ బొరియల్లో పడి పశువుల కాళ్ళు విరుగుతాయనీ అక్కడి ఆసాములకు దానిమీద కోపం. మావాడికి బీడూ లేదు, పశువులూ లేవు. కోపం మాత్రం అద్దెకు తెచ్చుకున్నాడు.

తుపాకీ .223 రెమింగ్టన్ అనే తూటా కాల్చేది. 1950లో వచ్చిన .222 రెమింగ్టన్ తూటా దీనికి అన్న వరస. గుండు అడ్డకొలత 5.7 మిల్లీమీటర్లు. మందునూ గుండునూ గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, కంసాలి త్రాసులో గురివింద గింజకు సగాని కంటే కాస్త ఎక్కువ. అందులో పదో వంతు తేడా వస్తే మావాడికి అన్నం సయించదు. ఎలక్ట్రానిక్ త్రాసు గాలికి కదులుతుందని ఏసీ ఆపేస్తాడు. తూకం నడిచేటప్పుడు ఎవరైనా తలుపు తీస్తే మొదటికొస్తుంది. దీపావళి నాడు వాళ్ళావిడ దీపాలు పెట్టడానికి తలుపు తీసిందని మూడు రోజులు మాటల్లేవు.

ఫలితం? ఫొటో. 100 గజాల దూరంలో కాగితం మీద మూడు గుండ్లు అర అంగుళంలో ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయిన ఫొటో. దాన్ని నాకు వాట్సాప్‌లో పంపాడు. నాలుగోది ఏదిరా అంటే, అది ఫ్లయర్ మామా, లెక్కలోకి రాదు అన్నాడు. ఫ్లయర్ అంటే గుంపు తప్పిన గుండట. పరాయిది కాదు, వాడు కాల్చిందే, వాడు తూచిన మందే, కానీ లెక్కలోకి రాదు. మూడు గుండ్లతో గురి తేలదనీ, అయిదో పదో కాలిస్తే గుంపు (వాళ్ళ భాషలో గ్రూప్) తప్పకుండా విచ్చుకుంటుందనీ ఆ విద్యలో పండినవాళ్ళంతా చెబుతారు. అందుకే తెలివైనవాడు మూడుతో ఆపేస్తాడు. మన ఎగ్జిట్ పోల్ సర్వేలవాళ్ళు ఈ కిటుకు ఎక్కడ నేర్చారో నాకు ఇప్పటికి తెలిసింది. ఇంకా చెప్పాలంటే మందు తూకం కన్నా అడ్డగాలీ, ట్రిగ్గర్ మీద వేలూ చేసే చెరుపే ఎక్కువ. వేలికి డై దొరకదు కాబట్టి అందరూ త్రాసు కొంటారు.

ఇక మన జిల్లాకు వద్దాం. మా పెద్దన్న సేద్యం కౌండిన్య అడవి అంచున. ఏనుగుల సంగతి నేనెత్తను. వాటికోసం 2025లో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే అడవి ఏనుగులను తరిమే మచ్చిక ఏనుగులు వచ్చాయి, గ్రెయిన్లతో తేలే వ్యవహారం కాదది. నా బాధ అడవిపందులు. శెనక్కాయ ఊడ దిగి కాయ పాలుపోసుకునే వేళకు కచ్చితంగా దిగుతాయి. ముట్టెతో సాలు వెంబడి లేపుకుంటూ పోతే తెల్లారేసరికి చేను దున్నిపెట్టినట్టుంటుంది, తిరగబడిన తీగలు మాత్రం వరసగా పడుంటాయి.

చంపుదామంటే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది. 2022 సవరణ తరవాత పంది రెండో షెడ్యూల్లో హాయిగా ఉంది. అనుమతి లేకుండా దానిమీద చెయ్యి వేయకూడదు. అయితే రైతును చట్టం బొత్తిగా మరిచిపోయిందనడం అన్యాయం. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చూడండి. పంట కాపుదలకు లైసెన్సు ఇవ్వదగిన తుపాకీ ఏదో అందులో రాసిపెట్టారు: మూతిలోంచి మందు కూరే తుపాకీ. మందు పోయాలి, పీచు కుక్కాలి, రవ్వలు వేయాలి, కమ్మీతో దట్టించాలి. ప్రతి దెబ్బా చేత్తో చేసుకున్నదే! మా మేనల్లుడు డాలర్లు పోసి నేర్చుకున్న విద్యను పార్లమెంటు మన రైతుకు అరవై ఏళ్ళ కిందటే ఊరికే ఇచ్చింది. గొట్టం లోపల మరలు ఉండవు కాబట్టి గురిని అంగుళాల్లో కాక మూరల్లో కొలుచుకోవాలి, అంతే తేడా. ఎన్నికలొస్తే ఆ తుపాకీనీ పోలీస్ స్టేషన్లో అప్పగించి రమ్మంటారు. ఎన్నికల కోడ్ గురించి పందులకు ఎవరూ చెప్పలేదు.

ఈ వ్యత్యాసం తొలగించాలని ఇద్దరినీ వీడియో కాల్లో కలిపాను.

"మామా, అక్కడ గ్రూప్ ఎంత వస్తోంది?" అన్నాడు మావాడు.

"పదైదు, ఇరవై వస్తాండాయిరా. పిల్లల్తో కలిపి."

"అది కాదు. రేంజ్ ఎంత?"

"యా రేంజిరా? మన ఫారెస్టు రేంజే."

కాసేపటికి మావాడే తేరుకుని, తన గుండు పందికి పనికిరాదని ఒప్పుకున్నాడు. దాని పైతొడుగు పలచన. తగలగానే తునకలైపోయేలా చేస్తారు. కిలో ప్రాణికి అది సరిపోతుంది, పంది జబ్బలో దిగితే గాయమే మిగులుతుంది, గాయపడ్డ పందితో మాట్లాడటానికి కొలరాడో నుంచి ఎవరూ రారు. "అట్లయితే మరి ఇంతసేపూ ఏం చెప్తివిరా నాయనా?" అన్నాడు అన్న.

ప్రస్తుతం అన్న వాడే సరంజామా ఇది: చేను చుట్టూ పాత చీరలు, గట్ల మీద మంగలి షాపు నుంచి గోనెసంచిలో తెచ్చిన వెంట్రుకలు, మంచె మీద ఒక రేకు డబ్బా, ఒక కట్టె. వాసన పట్టుకుంటూ వచ్చే పంది ముక్కులో వెంట్రుక దూరితే వెనక్కి మళ్ళుతుందట. పక్క ఊళ్ళల్లో కొందరు కంచెకు కరెంటు పెడతారు. దాంతో పందికన్నా ముందు మనుషులు పోతున్నారు, ఆ విషయంలో నేను హాస్యం ఆడను. మిగిలిన వాటిలో గురి పెంచే అవకాశం బోలెడుంది. వెంట్రుకలను గజానికి ఎన్ని గ్రెయిన్లు చల్లాలో పట్టిక వేయమని వ్యవసాయ శాఖకు నా విన్నపం. చీరల మధ్య దూరాన్ని కాలిపర్‌తో కొలవాలి. డబ్బా మోతలో దెబ్బదెబ్బకూ తేడా ఎంతో రాసుకోవాలి. గట్టిగా మోగనిది ఫ్లయర్.

మా వదినకు ఈ పట్టికల మీద నమ్మకం కుదరలేదు. మేనల్లుడు సంక్రాంతికి వస్తున్నాడని తెలిసి మాత్రం సంతోషించింది. "అమెరికా నించి దిగినోళ్ళకు వారందాకా రాత్రుళ్ళు నిద్ర పట్టదంట గదా. వాణ్ణి మంచె మీద కూసోబెడితే సరి, రెండో పంట అప్పటికి చేన్లోనే ఉంటాది" అంది.