వీసా రిఫ్యూజల్ లెటర్ గారికి, గుంటూరు నుంచి మేనల్లుడు రాయునది

అయ్యా లెటర్ గారూ,

బ్రిటన్‌లో ఉన్న కొడుకు దగ్గర ఉండిపోవడానికి మా మేనత్త పెట్టుకున్న వీసా కుదరదంటూ మీరొచ్చింది ఆవిడ పేరు మీదే గానీ అందులో అసలు హీరోని నేనని బావ ఫోన్ చేసి చదివి వినిపించేదాకా నాకు తెలీదు. గుంటూరులోనే మేనల్లుడున్నాడు, అతను చూసుకోవచ్చు అని రాశారంట కదా. చాలా సంతోషమండీ. పట్నంబజార్లో నా కొట్టు చూడకుండా, మా ఆవిడని ఒక్క మాట అడక్కుండా ఏకంగా పోస్టింగ్ ఇచ్చేశారు, మా నాన్న బతికున్నన్నాళ్లూ నాకో ఉద్యోగం వేయిద్దామని తిరిగి తిరిగి పోయాడు పాపం.

అత్తయ్యకి 79. తుంటి ఎముక ఆపరేషనయ్యాక మనిషి ఆసరా లేకుండా లేవలేదు, దానికి తోడు మతిమరుపు, స్టవ్ వెలిగించిన సంగతి గుర్తుండదు. మామయ్య లేడు. ఒక్కగానొక్క కొడుకు మా బావ బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు, అక్కడి పౌరుడే, అమ్మని తెచ్చుకుంటానని 3,000 పౌండ్లకి పైనే ఫీజు కట్టాడు. వీసా రాకపోయినా ఆ డబ్బు మాత్రం మీ దగ్గరే హాయిగా సెటిలైపోయింది.

మీ రూలు కూడా చదివించుకున్నా. 2012 జూలై ముందు 65 దాటి, కొడుకు పంపే డబ్బు మీదే బతికే తల్లికి ఏదో ఒక దారి ఉండేదంట. ఇప్పుడలా కాదు, స్నానం, బట్టలు, వంట లాంటివి సొంతంగా చేసుకోలేనంతగా మనిషి పడిపోవాలి, పైగా కొడుకు డబ్బు పంపినా ఆ సేవ ఇక్కడ దొరక్కూడదు. అంటే బావ జీతం చాలకపోతే "నువ్వు పోషించలేవు", బాగా ఉంటే "అక్కడే మనిషిని పెట్టుకో". ఎవరు రాశారో గానీ బ్రహ్మాండమైన బుర్ర!

పెట్టాం సార్, మనుషుల్నీ పెట్టాం. ఏజెన్సీ పంపిన అమ్మాయి సంక్రాంతికి ఊరెళ్తానని అడ్వాన్స్ తీసుకుని వెళ్లింది, ఇప్పటికీ అక్కడ సంక్రాంతి అయినట్టు లేదు. ఇంకొకామె పగలైతే ఉంటానంది, రాత్రి ఉండనంది. అత్తయ్య బాత్రూమ్‌కి లేచేది రాత్రిళ్లే. కొత్తపేటలో అడుగు తీసి అడుగేస్తే ఆస్పత్రే, మీరన్నది నిజమే, తుంటి ఎముక అతికించే డాక్టర్లకి కొదవేం లేదు, అర్ధరాత్రి రెండింటికి "ఒరే, మా అబ్బాయి వచ్చాడా?" అని అడిగితే జవాబు చెప్పే డిపార్ట్‌మెంట్ ఒక్కటే వాళ్లు పెట్టలేదు. ఇక నా సంగతంటారా, ఆడమనిషికి స్నానం చేయించడం మేనల్లుడి పనెలా అవుతుందండీ? అత్తయ్య ఒప్పుకుంటుందా అసలు? మా ఆవిడ చేద్దామంటే వాళ్లమ్మ తెనాల్లో మంచం మీదుంది, వారంలో సగం రోజులు అక్కడే.

ఇక్కడ ఆ సేవ దొరకదని డాక్టరో స్థానిక అధికారో రాసివ్వాలన్నారు. ఒక ఆఫీసుకెళ్లి అడిగితే ఆ గుమాస్తా నన్ను పైనుంచి కిందదాకా చూసి, ఉన్నదానికి సర్టిఫికెట్ ఇస్తాం గానీ లేనిదానికి ఫార్మాట్ లేదు బాబూ అన్నాడు. తప్పేముంది, ఆయన లాజిక్ ఆయనది, మీ ఇద్దరికీ బాగా కుదిరేది. డాక్టరు గారు మాత్రం మంచాయన, అడగ్గానే రాసిచ్చారు, "ఓల్డ్ ఏజ్, జనరల్ వీక్‌నెస్" అని అర లైను. దాన్ని రెండు పేజీలు చేయించేసరికి నా ప్రాణం పోయింది. 2017లో అక్కడి అప్పీల్ కోర్టు రూలు చెల్లుతుందంటూనే మనసుకి కావాల్సిన ఆసరా కూడా లెక్కలోకి తీసుకోవాలంది, అయితే దానికీ డాక్టరు సాక్ష్యం కావాలి. కొడుకు కోసం ఎదురుచూట్టం ఏ స్కానింగ్‌లో పడుతుందో చెప్తే అదీ తీయిస్తాం.

సరే, 28 రోజుల గడువు దాటకుండా బావ అత్తయ్య తరఫున ట్రిబ్యునల్‌లో, అంటే అక్కడ వీసా కేసులు వినే కోర్టులో, అప్పీల్ వేశాడు, కుటుంబ జీవితం హక్కు, యూరప్ మానవ హక్కుల ఒప్పందంలో ఆర్టికల్ 8 అని. ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. విచారణ రోజుకి ఆమె పరిస్థితి ఎలా ఉందో కూడా చూస్తారంట. అంటే ఈలోపు అత్తయ్యకి ఇంకాస్త బాగోకపోతే కేసు బలపడుద్ది. మొన్న ఫిజియోథెరపీ అబ్బాయి "అమ్మగారు నాలుగడుగులు వేశారు!" అని చప్పట్లు కొడితే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు, బావకి చెప్తే కాసేపు ఏం మాట్లాడకుండా, లాయర్ని అడిగి చెప్తా అన్నాడు.

చివరగా ఒక మనవి. నన్ను నియమించినట్టు ఆర్డర్ కాపీ ఒకటి పంపండి, మా ఆవిడకి చూపించాలి. జీతం మాట తర్వాత, రాత్రి డ్యూటీకి రిలీవర్ ఉన్నాడా, సంక్రాంతికి సెలవిస్తారా అన్నది మాత్రం అందులో రాయండి, మరి ఆ అమ్మాయికి ఇచ్చాంగా.

ఇట్లు,
మీ లెటర్లోని మేనల్లుడు,
గుంటూరు