బయోమెడికల్ సైన్స్‌లో ‘ఆనర్స్’: చేతులు మారుతున్న సందేశంలోని అయిదు మాటలకు జవాబు

నీట్ ఫలితాలు వచ్చి, ఎంబీబీఎస్ సీటు రాదని తేలిపోయిన ఇళ్ళలో ప్రతి ఏడాదీ బయోమెడికల్ సైన్స్ అన్న పేరు వినబడుతుంది. మా వీధిలో ఉండే ఒక తండ్రి మొన్న సాయంత్రం ఇంటికి వచ్చి, తన ఫోనులోని వాట్సాప్ సందేశం చూపించారు. వాళ్ళ అమ్మాయికి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆ కోర్సులో సీటు కేటాయించారు. “మాస్టారూ, రేపు సాయంత్రంలోగా ఒప్పుకోవాలట. ఇందులో రాసింది నిజమేనా?” అని అడిగారు.

ఆ సందేశం సారాంశం ఇది: “బయోమెడికల్ సైన్స్ చదివితే నాలుగేళ్ళ ఆనర్స్ మాత్రమే చదవండి, మూడేళ్ళ మామూలు డిగ్రీకి విలువ లేదు. ఆనర్స్ ఉంటే ఎమ్మెస్సీ అక్కర్లేదు, నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు. మూడేళ్ళ డిగ్రీతో విదేశాల్లో చదవలేరు. ఆనర్స్ వాళ్ళకు ఆసుపత్రి ల్యాబుల్లో ఉద్యోగం ఖాయం. తరవాత ఎంబీబీఎస్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు.” ఇరవై ఏళ్ళుగా జీవరసాయనశాస్త్రం చెబుతున్నవాణ్ని కాబట్టి, ఇందులో ఏది నిజమో, ఏది సగం నిజమో, ఏది పచ్చి అబద్ధమో విడమరిచి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదటి మాట: నాలుగేళ్ళదే ఆనర్స్, మూడేళ్ళది మామూలు డిగ్రీ.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 డిసెంబరులో విడుదల చేసిన చట్రం ప్రకారం 120 క్రెడిట్లతో (కోర్సుల బరువును లెక్కగట్టే పాయింట్లతో) మూడేళ్ళకు డిగ్రీ, 160 క్రెడిట్లతో నాలుగేళ్ళకు ఆనర్స్ డిగ్రీ ఇస్తారు. సందేశం రాసినవారు అంతవరకే చదివి ఆగిపోయినట్టున్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022-23 నుంచి అమలు చేస్తున్న తన సొంత చట్రంలో, ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివినవారు ఆరు సెమిస్టర్లలో 132 క్రెడిట్లు పూర్తి చేసి బయటికి వచ్చినా చేతికి ఆనర్స్ డిగ్రీయే వస్తుంది. ఎనిమిది సెమిస్టర్లలో 176 క్రెడిట్లు పూర్తి చేసినవారి పట్టాలో ఆనర్స్ పక్కన పరిశోధన, అకడమిక్ ప్రాజెక్టు, ఎంట్రప్రెన్యూర్‌షిప్‌లలో వారు ఎంచుకున్న దాని పేరు చేరుతుంది. ఆచార్య నరేంద్ర దేవ్, భాస్కరాచార్య, షహీద్ రాజ్‌గురు కాలేజీల్లో ఉన్న బయోమెడికల్ సైన్స్ కోర్సు ఈ చట్రంలోదే. కాబట్టి మూడేళ్ళకు బయటికి వస్తే ఆనర్స్ పోతుందన్న భయానికి అక్కడ ఆధారమే లేదు.

దేశం దాటితే ఇదే మాటకు అర్థం మళ్ళీ మారుతుంది. ఇంగ్లండులో ఆనర్స్ డిగ్రీ అంటే మామూలుగా మూడేళ్ళలో అక్కడి లెక్కన 360 క్రెడిట్లు. అంతవరకు రాలేక 300 దగ్గర ఆగినవారికి ఆర్డినరీ డిగ్రీ ఇస్తారు. స్కాట్లండులో ఆనర్స్‌కు నాలుగేళ్ళు. ఆస్ట్రేలియాలో మూడేళ్ళ బయోమెడికల్ సైన్స్ డిగ్రీ పూర్తయ్యాక, మంచి మార్కులున్నవారు విడిగా మరో ఏడాది చేరి, ఎక్కువ భాగం ఒక పరిశోధన సిద్ధాంత వ్యాసం మీదే పనిచేస్తారు. అక్కడ ఆనర్స్ అనేది ఆ ఏడాదికి పేరు. మెల్‌బోర్న్‌లో ఉన్న బంధువు “ఆనర్స్ తప్పకుండా చెయ్యండి” అన్నప్పుడు ఆయన చెబుతున్నది ఆ ఏడాది గురించి. దాన్ని ఇక్కడి డిగ్రీకి తగిలించడం వల్లనే ఈ గందరగోళంలో సగం పుట్టిందని నా నమ్మకం.

రెండో మాట: ఆనర్స్ ఉంటే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీ.

ఇది సగం నిజం. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారికి అర్హత ఇచ్చాయి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల వారికి అందులో 5 శాతం సడలింపు కూడా ఉంది. 2024 నుంచి అలాంటి వారిని నెట్ (జాతీయ అర్హత పరీక్ష)కు కూడా అనుమతించారు. అయితే ఆ 75 శాతం సంగతి సందేశంలో ఎక్కడా లేదు. పైగా అర్హత అంటే పోటీలో నిలబడే హక్కు మాత్రమే. ఆ పోటీలో పక్కన కూర్చునేది రెండేళ్ళు ఎమ్మెస్సీ చదివి, ప్రాజెక్టు చేసి వచ్చిన విద్యార్థి.

ఇంకా ముఖ్యమైన సంగతి, యూజీసీ చట్రంలో ఆనర్స్ వేరు, పరిశోధనతో కూడిన ఆనర్స్ వేరు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చినవారికే నాలుగో ఏడాదిలో 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు దక్కుతుంది. మిగిలినవారు దాని బదులు మూడు కోర్సులు చదివి ఆనర్స్ పట్టా తీసుకుంటారు. పరిశోధన కోసమే నాలుగో ఏడాది అనుకునే కుటుంబం ముందుగా తెలుసుకోవలసింది ఈ తేడానే.

ఆ ప్రాజెక్టు ఎలా సాగుతుందన్నది అన్నిటికంటె పెద్ద ప్రశ్న. నా దగ్గర చదివి వెళ్ళిన ఇద్దరి అనుభవం చెబుతాను. ఒక అబ్బాయి చేరిన కాలేజీలో మొత్తం విభాగానికి డీఎన్ఏ ప్రతులను పెంచే పీసీఆర్ యంత్రం ఒక్కటే. వంతుల కోసం గోడ మీద కాగితం అంటించి పేర్లు రాసుకునేవారు. అతనికి కావలసిన యాంటీబాడీకి ఆగస్టులో ఆర్డరు పెడితే అది ఫిబ్రవరిలో వచ్చింది. చివరికి ఇతరులు ప్రచురించిన వ్యాసాలను సమీక్షించి సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. పట్టాలో పరిశోధన అన్న మాట ఉంది, చేతికి మాత్రం ఆ పని పట్టుబడలేదు. మరో అమ్మాయి, ప్రొటీన్లను జెల్ నుంచి ఒక పొర మీదికి దించి గుర్తించే వెస్టర్న్ బ్లాట్ చేస్తూ వరసగా మూడుసార్లు ఖాళీ పొర చూసింది. నాలుగోసారి మొదటి నుంచి ఒక్కొక్క మెట్టూ సరిచూసుకుంటే, జెల్‌నూ పొరనూ అమర్చేటప్పుడు వరస తారుమారు చేస్తున్నానని ఆమెకే తెలిసింది. ప్రొటీన్లు పొర మీదికి రాకుండా ఎదురు దిక్కున బఫర్‌లోకి వెళ్ళిపోతున్నాయి. వారానికి రెండుసార్లు పక్కన కూర్చుని “నువ్వే వెతుకు” అన్న గైడు ఉండబట్టి అది సాధ్యమైంది. నాలుగో సంవత్సరం విలువ ఆ గైడులోనూ, ఆ బల్ల దగ్గర గడిపిన గంటల్లోనూ ఉంటుంది. ఆ రెండూ లేని చోట ఒక ఏడాది హాస్టలు ఫీజు, ఒక ఏడాది వయసు ఖర్చవుతాయి.

మూడేళ్ళకే బయటికి వచ్చినవారికి పరిశోధన దారి మూసుకుపోతుందన్నది మరింత తప్పు. బెంగళూరులోని ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో మూడేళ్ళ బీఎస్సీ చదివినవారిని జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశాలకు జాతీయ స్థాయి పరీక్ష) వంటి పరీక్షల ద్వారానే చేర్చుకుంటోంది. మామూలు దారిలో ఎమ్మెస్సీ చేసి, నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు వస్తాయి. యూజీసీ 2024 పీజీ చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీ వారికి ఎమ్మెస్సీ రెండేళ్ళు, నాలుగేళ్ళ వారికి ఒక ఏడాది. ఎటు వెళ్ళినా ఎమ్మెస్సీ చేతికి వచ్చేసరికి అయిదేళ్ళే. ఒక ఏడాది ఎమ్మెస్సీని మనం కోరుకున్న విశ్వవిద్యాలయం నడుపుతోందో లేదో మాత్రం చూసుకోవాలి.

మూడో మాట: మూడేళ్ళ డిగ్రీతో విదేశాల్లో చదవలేరు.

అమెరికా విషయంలో ఇందులో కొంత నిజం ఉంది. అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ళ డిగ్రీ అడుగుతాయి, కొన్ని మూడేళ్ళదాన్ని కూడా అంగీకరిస్తాయి. బ్రిటన్‌లో ఎమ్మెస్సీకి మన మూడేళ్ళ డిగ్రీతోనే ఎంతోమంది తెలుగు విద్యార్థులు వెళుతున్నారు. డిగ్రీ అయిన వెంటనే అమెరికా వెళ్ళాలన్నది గట్టి నిర్ణయమైతే నాలుగో సంవత్సరానికి అది సరైన కారణం. ఇక్కడ ఎమ్మెస్సీ చేసి వెళ్ళాలనుకునేవారికి ఈ సమస్యే రాదు.

నాలుగో మాట: ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ఖాయం.

నాకు అన్నిటికంటె బాధ కలిగించినది ఈ వాక్యం, ఎందుకంటే దీన్ని నమ్మేది డిగ్రీ అవగానే జీతం అవసరమైన ఇళ్ళవారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుల ప్రకటనలు చూడండి: డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా), బీఎస్సీ ఎంఎల్‌టీ వంటి అర్హతలు ఉండాలనీ, పారామెడికల్ బోర్డులో నమోదై ఉండాలనీ అడుగుతాయి. బయోమెడికల్ సైన్స్ ఆ కోవలోది కాదు. అది శరీరధర్మం, రోగనిరోధకత, జన్యువులు, మందులు పనిచేసే తీరు బోధించి, పరిశోధన వైపు, పరిశ్రమ వైపు పంపే చదువు. రక్త పరీక్షలు చేసే బల్ల దగ్గర ఉద్యోగం కావాలంటే ఎంఎల్‌టీలో చేరడమే సరైన పని, అందులో చిన్నతనమేమీ లేదు.

బ్రిటన్‌లో బయోమెడికల్ సైంటిస్ట్ అన్నది చట్టరక్షణ ఉన్న హోదా. ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు కాకుండా ఎవరూ ఆ పేరు పెట్టుకోకూడదు. ఆ నమోదుకు అక్కడి విద్యార్థులు సాధారణంగా ఐబీఎంఎస్ (బయోమెడికల్ సైన్స్ వృత్తి సంస్థ) గుర్తింపు ఉన్న ఆనర్స్ డిగ్రీ చదివి, ల్యాబులో శిక్షణ పొంది, దాని వివరాలతో పోర్ట్‌ఫోలియో సమర్పిస్తారు. అక్కడ కూడా ఆనర్స్ అన్న మాట ఒక్కటే చాలదు. గుర్తింపు, శిక్షణ రెండూ కావాలి.

అయిదో మాట: ఎంబీబీఎస్‌లో నేరుగా రెండో సంవత్సరం.

ఇది పూర్తిగా అబద్ధం. మన దేశంలో ఎంబీబీఎస్‌కు నీట్ రాసి మొదటి సంవత్సరంలో చేరడం తప్ప మరో దారి లేదు. ఆస్ట్రేలియాలో డిగ్రీ తరవాత గామ్‌శాట్ వంటి పరీక్ష రాసి వైద్యవిద్యలో చేరే పద్ధతి ఉంది గానీ, అక్కడ కూడా చేరేది మొదటి సంవత్సరంలోనే, దానికి మూడేళ్ళ డిగ్రీ సరిపోతుంది.

ఇవన్నీ చెప్పాక ఆ తండ్రితో ఇంకొక మాట అన్నాను. మూడేళ్ళా నాలుగేళ్ళా అన్నది రేపు సాయంత్రంలోగా తేల్చవలసిన విషయమే కాదు. ఢిల్లీలో చేరేటప్పుడు అందరూ ఒకే కోర్సులో చేరతారు. ఉండాలో బయటికి రావాలో మూడో ఏడాది చివర నిర్ణయించుకోవచ్చు. పదిహేడేళ్ళ పిల్లకు ఈ రోజు తెలియనిది ఇరవయ్యో ఏట తెలుస్తుంది: తనకు ల్యాబు నచ్చిందా, మార్కులు ఎలా ఉన్నాయి, గైడుగా ఎవరు దొరుకుతారు, ఇంట్లో పరిస్థితి ఏమిటి. ఆ వెసులుబాటు ఉందని సందేశంలో ఒక్క అక్షరం కూడా లేదు. అమ్మాయి అంతవరకు గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. “అయితే మాస్టారూ, నాలుగో ఏడాదిలో ఒక్కో గైడు దగ్గర ఎంతమంది ఉంటారో అక్కడి సీనియర్లను అడగవచ్చా?” అంది. తప్పకుండా అడగమన్నాను. ఆ రాత్రే సీటు ఒప్పుకున్నారు.