మూలంలో ఉందా అని అడిగిన పిల్లల్ని వేదిక దించకండి

డిసెంబరులో విశాఖపట్నంలో మన ప్రవాస తెలుగు సంఘం జరిపిన సేవా కార్యక్రమాల ముగింపు సభలో, యువవేదికకు ఇచ్చిన సమయం సగం కూడా కాకముందే, కామిక్స్ కథల్ని సినిమాలు ఎలా మార్చాయో మాట్లాడుతున్న ముగ్గురు పిల్లల చేతిలోంచి మైకు తీసేసుకున్నారు. ‘ఆ బొమ్మల సినిమాల గొడవ చాలమ్మా, మన సంస్కృతి గురించి ఏదైనా చెప్పండి’ అన్నారు వేదిక మీదున్న పెద్దలొకరు. వెంటనే సభలో చప్పట్లు పడ్డాయి. ఆయన అన్న మాటకన్నా ఆ చప్పట్లే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. ఆ ముగ్గురిలో ఒకరు మా అమ్మాయి, ఒకడు మా తమ్ముడి కొడుకు. మూడో అమ్మాయి గాజువాక నుంచి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థిని. కాగితాలన్నీ ఫైల్లో వరసగా పెట్టుకుని వచ్చింది. మావాళ్ళిద్దరూ ఇంటికొచ్చి కోపంగా నాలుగు మాటలు అనుకుని తేలికపడ్డారు. ఆ అమ్మాయి మాత్రం భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయింది.

మన కమిటీవాళ్ళ కష్టం నాకు తెలుసు. ఉద్యోగాలకు సెలవులు పెట్టి, సొంత ఖర్చుతో వచ్చి కంటి శిబిరాలు నడుపుతారు, బడి పిల్లలకు సైకిళ్ళు ఇస్తారు. ముగింపు సభ అంటే జ్యోతి ప్రజ్వలన దగ్గర్నుంచి వందన సమర్పణ దాకా ఎంత టెన్షనో నేనూ చూశాను. ముఖ్య అతిథి ఆలస్యమయ్యారు, శాలువాలు, జ్ఞాపికలు ఇంకా మిగిలి ఉన్నాయి. టైము లేదని ఆపి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాను. ఇది సంస్కృతి కాదని ఆపారు. నా అభ్యంతరమంతా దాని మీదే.

ఇంతకీ మావాళ్ళిద్దరూ మాట్లాడుతున్నది 2025 జులైలో వచ్చిన సూపర్‌మ్యాన్ సినిమా గురించి. క్రిప్టాన్ గ్రహం నాశనమవుతుంటే తల్లిదండ్రులు పసివాణ్ణి నౌకలో పెట్టి భూమికి పంపేస్తారు, ఇక్కడ కెంట్ దంపతులు పెంచుకుంటారు. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. జేమ్స్ గన్ తీసిన ఈ సినిమాలో, కన్నవాళ్ళు పంపిన సందేశంలో కొంత భాగం దారిలో చెడిపోతుంది. మిగిలిన భాగం విని, మనుషులకు మేలు చేయమన్నారని నమ్మి అతను పెద్దవాడవుతాడు. తర్వాత ఆ చెడిపోయిన భాగం బయటపడుతుంది. చూస్తే వాళ్ళు అందులో చెప్పింది అక్కడి మనుషుల్ని ఏలమని. దీని మీద అభిమానులు రెండు వర్గాలయ్యారు. కామిక్స్‌లో కన్నతండ్రి జోర్-ఎల్ ఇలాంటివాడు కాదని ఒకరు, సినిమాకు ఆ హక్కు ఉందని ఇంకొకరు.

మా ఇంట్లో ఈ వాదన సభకు ముందే మొదలైంది. విశాఖలో దిగిన మర్నాడు సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర గట్టు మీద కూర్చుని అందరం మురీ మిక్చర్ తింటున్నాం. మా అమ్మాయి తెలుగు పెద్ద వాక్యాల్లో తడబడుతుంది. అయినా ఆ రోజు వదలకుండా తెలుగులోనే వాదించింది. ‘వాళ్ళు పిల్లాణ్ణి పంపింది బతకాలని. ఏలాలని కాదు. ఇన్నేళ్ళ కథని ఎందుకు పాడుచేశారు?’ అంది.

మా తమ్ముడి కొడుకు ఊరుకోలేదు. ‘ఏ కథ అక్కా? 1986లో జాన్ బర్న్ మళ్ళీ రాసినప్పుడు క్రిప్టాన్‌లో ప్రేమన్నదే లేదు, అంతా మనసులేనట్టు ఉంటాది. స్మాల్‌విల్ సీరియల్లో కన్నతండ్రి ఏలమనే చెప్పాడు కదా. అయినా పెంచినోళ్ళు మంచోళ్ళు. అది సరిపోదేటి?’ అన్నాడు.

పరాయిదేశంలో పుట్టి పెరిగిన పిల్ల క్రిప్టాన్ పరువు కోసం పోరాడుతోంది. విశాఖలోనే పుట్టి పెరిగినవాడు, పెంచిన నేల చాలంటున్నాడు. నేను అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాను. కాసేపాగి మా అమ్మాయి నావైపు తిరిగి, ‘నాన్నా, కన్నవాళ్ళు చెడ్డవాళ్ళని తేలిపోతే ఇంక అతను ఎవర్ని తలుచుకోవాలి?’ అని అడిగింది. దానికి మా తమ్ముడి కొడుకు దగ్గర కూడా జవాబు లేకపోయింది. సంస్కృతి అంటే మీకేమిటని ప్రతి ఏడాదీ మన పిల్లలకు వ్యాసరచన పోటీ పెడతాం. వాటిని దిద్దే పని నాకూ వస్తుంటుంది. ఆ ప్రశ్నంత సూటిగా మనసులోంచి వచ్చిన మాట నాకు వాటిలో కనబడలేదు.

అక్కడితో ఆగలేదు. పెద్ద వాల్తేరులో మా తమ్ముడి డాబా మీద అర్ధరాత్రి దాకా ఇద్దరూ పాత సంచికలు ఫోన్లో తెరిచి చూపించుకున్నారు. 1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ మొదలుపెట్టినప్పుడు సూపర్‌మ్యాన్ అసలు ఎగిరేవాడు కాదు, భవనాల మీదుగా గెంతేవాడు. తొలి సంచికలో కెంట్ దంపతులే లేరు, పిల్లాణ్ణి అనాథాశ్రమంలో అప్పగిస్తారు. అతన్ని బలహీనుణ్ణి చేసే క్రిప్టోనైట్ ముందు 1943లో రేడియో నాటకంలో వచ్చి, ఆ తర్వాత 1949లో గానీ కామిక్స్‌లోకి రాలేదు. పెరిగిన ఊరు కాన్సస్‌లో ఉందన్న సంగతి 1978 సినిమా నుంచి వచ్చింది. బ్యాట్‌మ్యాన్ ఇంట్లో ఉండే ఆల్ఫ్రెడ్ మొదట లావుపాటి మనిషి. 1943 సినిమా సీరియల్లో సన్నటి నటుడు ఆ వేషం వేశాక, కామిక్స్‌లో కూడా అతన్ని సన్నగా, మీసంతో గీయడం మొదలుపెట్టారు. అంటే సినిమా మూలాన్ని మార్చడమే కాదు, మూలం కూడా సినిమాని చూసి మారింది. ఇదంతా తవ్వి తీసింది పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు, ఎవరూ మార్కులు వేయకుండానే.

మన ఇళ్ళలో ఇది ఎప్పుడూ లేదా? వ్యాసభారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ ఊసే అందులో లేదు. అయినా 1957లో వచ్చిన మాయాబజార్ లేకుండా మన పెళ్ళిభోజనాల కబుర్లు సాగవు. పాండవులు కనబడకుండా పాండవుల కథ అంత బాగా చెప్పారు కె.వి.రెడ్డి, పింగళి. వారధి కట్టేటప్పుడు సాయపడిన ఉడుత వాల్మీకి రామాయణంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. మన ఉత్తరాంధ్ర గురజాడ అయితే తన నాటకాన్ని తానే వదల్లేదు. 1892లో ఆడించి, 1897లో అచ్చువేసిన కన్యాశుల్కాన్ని 1909లో దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. ఏది అసలు కన్యాశుల్కం అని పండితులు ఇప్పటికీ పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటను మనం సాహిత్య చర్చ అంటాం, శాలువా కప్పుతాం. 2023లో ఆదిపురుష్ వచ్చినప్పుడు మన సంఘం వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని రోజులు నిద్ర లేదు! రావణుడి వేషం అలా ఉంటుందా, హనుమంతుడు అలా మాట్లాడతాడా అని మనవాళ్ళు నిలదీశారు. దేశమంతా నిలదీసింది, నిర్మాతలు డైలాగులు మార్చక తప్పలేదు. ఆ కోపం న్యాయమైనదే. మూలంలో ఉందా అని అడగడం అప్పుడు భక్తి అయితే, ఇప్పుడు కాలక్షేపం ఎలా అవుతుంది? పైగా 1980లో ఎన్.టి.రామారావు గారు సూపర్‌మ్యాన్‌గా వేసినప్పుడు అతనికి శక్తులిచ్చింది ఆంజనేయస్వామే. ఈల వేసిన తరం మనదే.

పిల్లలన్నదంతా ఒప్పని నేననడం లేదు. కామిక్‌లో బొమ్మ ఎలా ఉంటే అలాగే తెర మీద ఉండాలని పట్టుబట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. వేషం మారొచ్చు, ఊరు మారొచ్చు, సంఘటన కూడా మారొచ్చు. మనిషి స్వభావాన్ని మారిస్తే మాత్రం ఆ బరువు కథ మోయాలి. 2013 సినిమాలో సూపర్‌మ్యాన్ తన శత్రువు జాడ్‌ని చంపినప్పుడు అభిమానులు గగ్గోలుపెట్టారు. 1988 కామిక్‌లో కూడా చంపాడు కదా అని మా తమ్ముడి కొడుకు అంటాడు. నిజమే. కానీ కామిక్‌లో ఆ పాపభారంతో అతను కుంగిపోయి, భూమిని వదిలి తనకు తానే ప్రవాసం వేసుకుని వెళ్ళిపోతాడు. సినిమాలో ఒక్క అరుపుతో ఆ సంగతి ముగిసిపోయింది. నా లెక్కలో కామిక్‌దే ధర్మం. ఈ మాట సభలో చెబుదామని అనుకున్నాను. అంతవరకూ సభ రానీయలేదు.

గాజువాక అమ్మాయి ఎంచుకున్నది స్పైడర్‌మ్యాన్. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో చేసిన కథలో సాలెగూడు విసిరే పరికరాన్ని పీటర్ తన బుర్రతో తనే తయారు చేసుకుంటాడు. 2002 సినిమాలో అది అతని మణికట్టులోంచి దానంతటదే వస్తుంది. ‘డబ్బులేని కుర్రాడు కూర్చుని కష్టపడి తయారు చేసుకున్నదాన్ని ఒంట్లో పుట్టిన వరంగా మార్చేశారు, అది నాకు నచ్చలేదు’ అని చెబుతుండగానే మైకు తీసుకున్నారు. తర్వాత ఆమె తన కాగితాలు మా అమ్మాయికి పంపింది. ఆఖరి పేజీ చదివి నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆ పేజీ సింహాచలం గురించి. అప్పన్నకి ఏడాదంతా చందనపు పూత ఉంటుంది, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూప దర్శనం. మిగిలిన రోజుల్లో కొండెక్కినవాళ్ళు స్వామిని చూడలేదని ఎవరూ అనరు, అలాగని ఆ ఒక్కరోజు కోసం రాత్రంతా క్యూలో నిలబడే జనం కూడా తగ్గరు. సినిమా కావాలి, మూలమూ కావాలి అని చెప్పడానికి ఆమె తెచ్చుకున్న పోలిక అది. సంస్కృతి గురించి చెప్పమని అడిగారు కదా. అది ఆమె చేతిలోనే ఉంది, రెండు పేజీల అవతల.

అందుకే అడుగుతున్నాను. వచ్చే డిసెంబరులో విశాఖలో యువవేదికకు పూర్తిగా ఒక గంట ఇవ్వండి. శాలువాల తర్వాత మిగిలిన సమయం వద్దు, జనం హాల్లో ఉన్నప్పుడు, ఉదయమే ఇవ్వండి. అంశం పిల్లల్నే ఎంచుకోనివ్వండి. సూపర్‌మ్యాన్ అంటే సూపర్‌మ్యానే, దాన్ని రామాయణంతో ముడిపెడితేనే మాట్లాడనిస్తామని షరతు పెట్టకండి. మన పిల్లలూ విశాఖ పిల్లలూ ఒకే వేదిక మీద ఉండాలి. మూలంలో ఉందన్నవాళ్ళు ఆ పేజీ చూపించాలి, లేదన్నవాళ్ళు చదివి వచ్చి అనాలి. వచ్చినంత తెలుగులో మాట్లాడనివ్వండి, తప్పులు మధ్యలో దిద్దకండి. పద్యనాటకాల్లో రాయబారం సీనుకు వన్స్‌మోర్ కొట్టిన పెద్దలు మన సంఘంలో ఎందరో ఉన్నారు. ఫలానా నటుడు పద్యంలో పాదం మింగేశాడని రాత్రంతా తగువులాడినవాళ్ళు. వాళ్ళు ముందు వరసలో కూర్చుని ఈ పిల్లల్ని ప్రశ్నలడగాలని నా కోరిక. ఒకరి భాష ఒకరికి వెంటనే అర్థమవుతుందని నా నమ్మకం.

గాజువాక అమ్మాయిని కమిటీ తరఫున ఎవరైనా స్వయంగా పిలవాలి. ఉత్తరం చాలదు, ఫోన్ చేయాలి. నంబరు నేనిస్తాను. ఉగాదికి ముందు జరిగే కార్యవర్గ సమావేశంలో ఈ విషయాన్ని ఎజెండాలో చేర్చమని సంపాదకుల ద్వారా కోరుతున్నాను. ఆ గంట కోసం హాలు అద్దె అదనంగా అయితే అందులో నా వంతు నేను ఇస్తాను.