సవరణ: క్రాఫ్ట్స్‌మన్ పనిముట్లపై 113 అంటే సంవత్సరం కాదు

అమెరికాలోని సియర్స్ దుకాణాలు అమ్మిన పాత క్రాఫ్ట్స్‌మన్ మెషీన్ల గురించి రాసిన పోస్టులో, నేమ్‌ప్లేట్ మీద మోడల్ నంబరు 113తో మొదలైతే అది 1913 నాటిదని రాశాను. అది తప్పు. సియర్స్ క్రాఫ్ట్స్‌మన్ పేరును రిజిస్టర్ చేయించిందే 1927లో.

సియర్స్ ఆ మెషీన్లను వేరే కంపెనీల చేత చేయించుకునేది. మోడల్ నంబరు మధ్యలో ఒక చుక్క ఉంటుంది; దానికి ముందున్న మూడంకెలు ఆ తయారీదారు కోడ్ అని పాత విడిభాగాల పట్టికలు చూపిస్తున్నాయి. 113 ఎమర్సన్ ఎలక్ట్రిక్‌ది, 103 కింగ్-సీలీది, 101 అట్లాస్‌ది. అట్లాస్ చేసిన క్రాఫ్ట్స్‌మన్ లేత్‌లు (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రాలు) ఎక్కువగా 101తోనే కనిపిస్తాయి. విడిభాగాలు వెతికేటప్పుడు చుక్క తర్వాతి అంకెలు కూడా పూర్తిగా ఇవ్వాలి. 113 ఒక్కటే ఇస్తే టేబుల్ సా (బల్లలో అమర్చిన రంపం), రేడియల్ ఆర్మ్ సా (పైనున్న చేయి మీద జరిగే రంపం) రెండింటివీ వస్తాయి; బెల్టో బేరింగో సైజు కుదరక డబ్బు వృథా అవుతుంది.

ఈ కోడ్ భద్రతకూ ముఖ్యమే. 113తో మొదలయ్యే క్రాఫ్ట్స్‌మన్ రేడియల్ ఆర్మ్ సాలలో చాలా మోడళ్లకు బ్లేడును పూర్తిగా కప్పే గార్డు లేదని 2000లో రీకాల్ ప్రకటించారు. పాతది కొనేవారు మోటారు కంటే ముందు గార్డు చూడండి.